వెలకు మించిన విలువ – మూడవ సాలార్‌జంగ్

లోహాలన్నింటిలో వెండికి ఒక విచిత్రమైన విధి ఉంది. అది ఎంత అందంగా మలచబడితే అంత ఆదరణ పొందుతుంది. అయినా ఏ క్షణంలోనైనా మూసలోకి వెళ్ళి కరిగిపోయే ప్రమాదం దానికి తప్పదు. మన తెలుగు ఇళ్ళలో వెండి పాత్రల చరిత్రను గమనిస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. శిశువు అన్నప్రాశనకు వెండి గిన్నె, పెండ్లిలో వెండి కంచం, పూజామందిరంలో వెండి కుంది శుభసూచకాలుగా ఇంటికి వస్తాయి. కరవు వచ్చిననాడో, కుమార్తె వివాహం కుదిరిననాడో అవే పాత్రలు అంగడికి వెళతాయి. అది పెద్ద నగరమైనా, పల్నాటిలోని శావల్యాపురం వంటి గ్రామమైనా జరిగే పని ఒక్కటే. వర్తకుడు పాత్రను తక్కెడలో ఉంచుతాడు, తూకం చూస్తాడు, తరుగు తీసివేస్తాడు, మిగిలిన లోహానికి వెల కడతాడు. ఆ గిన్నె అంచున లతలు చెక్కిన కంసాలి నేర్పుకు ఆ లెక్కలో చోటు లేదు. తరతరాల చేతులు తాకి నునుపెక్కిన ఆ పాత్ర జ్ఞాపకానికి అసలే చోటు లేదు.

పదార్థానికి ఉన్న వెల కంటబడినంత సులభంగా పనితనానికి ఉన్న విలువ కంటబడదు. ఈ పొరపాటు వెండి విషయంలోనే జరగలేదు. పల్నాటి సీమలోనే ఉన్న అమరావతిలో బౌద్ధ మహాస్తూపానికి పొదిగిన అపురూపమైన సున్నపురాతి శిల్పాలను పూర్వం కొందరు సున్నం కోసం బట్టీలలో కాల్చారు. అలా కాలగా మిగిలిన శిల్పాలలో అనేకం దేశాంతరాలకు చేరి నేడు లండన్ నగరంలోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. శిల్పంలో సున్నాన్నీ, పాత్రలో తులాలనూ మాత్రమే చూసే చూపు నుండి కళను కాపాడటానికి మరొక రకమైన చూపు కావాలి. అటువంటి చూపు కలిగి, తన యావజ్జీవితాన్నీ, తన ఐశ్వర్యాన్నీ కళాఖండాల సేకరణకు వినియోగించిన హైదరాబాదు ప్రభువంశీయుడు నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. చరిత్రలో ఆయన మూడవ సాలార్‌జంగ్ అనే పేరుతో ప్రసిద్ధుడు.

మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1889వ సంవత్సరం జూన్ 13వ తేదీన పూనా నగరంలో జన్మించాడు. ఆయన తండ్రి మీర్ లాయఖ్ అలీ ఖాన్, రెండవ సాలార్‌జంగ్. ఆయన 1884 నుండి 1887 వరకు హైదరాబాదు సంస్థానానికి దివానుగా, అనగా ప్రధానమంత్రిగా పనిచేశాడు. కుమారుడు పుట్టి నెల రోజులు నిండక ముందే ఆ యువక ప్రభువు మరణించాడు. ఆ విధంగా ఊయలలో ఉన్న పసివాడు ఒక మహాసంస్థకు ఏకైక వారసుడయ్యాడు. తండ్రి ముఖం ఎరుగని ఆ బాలుని బాగోగులను, జాగీరు నిర్వహణను ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన పర్యవేక్షణలో ఉంచుకొన్నాడు.

ఆ వంశానికి ఎనలేని కీర్తిని తెచ్చినవాడు బాలుని తాత మీర్ తురాబ్ అలీ ఖాన్, మొదటి సాలార్‌జంగ్. ఆయన తన ఇరవైనాలుగవ యేట, 1853లో దివాను పదవిని స్వీకరించి 1883లో మరణించే వరకు, మూడు దశాబ్దాల పాటు దానిని నిర్వహించాడు. అప్పులలో మునిగి ఉన్న సంస్థానాన్ని ఒడ్డుకు చేర్చాడు. రాజ్యాన్ని జిల్లాలుగా విభజించి, శిస్తు వసూళ్ళకు జీతగాళ్ళయిన అధికారులను నియమించి ఆధునిక పాలనకు బాటలు వేశాడు. ఆయనకు కళాభిరుచి కూడా మెండు. 1876లో ఐరోపా పర్యటన చేసినపుడు ఆయన రోము నగరంలో జొవాన్ని మరియా బెన్జోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన రెబెకా పాలరాతి ప్రతిమను కొనుగోలు చేశాడు. మేలిముసుగు ధరించిన ఆ యువతి ముఖం, పలుచని వస్త్రం చాటున కనబడుతున్నట్లే ఉంటుంది. ముఖమూ, ముసుగూ రెండూ ఒకే రాయి. ఆ ప్రతిమ నేటికీ హైదరాబాదులో సందర్శకులను విస్మయపరుస్తూనే ఉంది. మనుమడు ఆస్తితోపాటు ఈ అభిరుచికి కూడా వారసుడయ్యాడు.

సాలార్‌జంగ్ వంశీయుల నివాసం దివాన్ దేవిడీ. మూసీ నదికి దక్షిణాన, పాతనగరంలో నెలకొన్న ఆ ప్రాసాదంలో అనేక మందిరాలు ఉండేవి. అద్దాలతో అలంకరింపబడినది ఆయినా ఖానా. పింగాణీ పాత్రలను గోడలకు పొదిగి అలంకరించినది చీనీ ఖానా. చెక్కడపు కొయ్యపనితో శోభిల్లినది లక్కడ్ కోట్. అతిథులకు విందులు జరిగే ఆ భవనంలో భోజనపాత్ర కేవలం అన్నం పెట్టే సాధనం కాదు; అది ప్రభువు గౌరవానికి చిహ్నం. గోడలే పింగాణీ పళ్ళెరాలతో మెరిసే ఇంట పెరిగిన బాలునికి, వస్తువును వాడుకోవడమే గాక నిలిచి చూడడం కూడా అలవడి ఉంటే అది సహజమే. ఆయన నిజాం కళాశాలలో విద్యాభ్యాసం చేశాడు.

1911లో ఆరవ నిజాము మరణించి మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సింహాసనం అధిష్ఠించాడు. మరుసటి సంవత్సరం, 1912లో ఆయన ఇరవైమూడేండ్ల మీర్ యూసుఫ్ అలీ ఖాన్‌ను ప్రధానమంత్రిగా నియమించాడు. తాత, తండ్రి నిర్వహించిన పదవి మూడవ తరానికి కూడా దక్కింది. అయితే ఆ పదవిలో ఆయన చిరకాలం నిలువలేదు. రెండేండ్లు గడచిన పిదప, 1914 నవంబరులో రాజీనామా చేశాడు. అప్పటికి ఆయనకు ఇరవైఐదేండ్లు. ఆ తరువాత నిజాము కొంతకాలం ప్రధానమంత్రి లేకుండా స్వయంగా పాలన సాగించాడు.

అధికారం చేజారిన యువకునికి రెండు మార్గాలు ఉంటాయి. కోల్పోయిన పదవిని తిరిగి సంపాదించడానికి దర్బారు రాజకీయాలలో మునగడం ఒకటి. మరొక లక్ష్యాన్ని ఏర్పరచుకొని అందులో సార్థకతను వెదకడం రెండవది. సాలార్‌జంగ్ రెండవ మార్గాన్ని ఎంచుకొన్నాడు. వివాహం చేసికొనలేదు. 1914 నుండి మరణించే వరకు, సుమారు ముప్పైఐదు సంవత్సరాలు కళాఖండాల సేకరణే ఆయనకు నిత్యవ్రతమయింది. ఆయన అభిరుచి తెలిసిన వర్తకులు దేశం నలుమూలల నుండి అపురూప వస్తువులను తెచ్చి దేవిడీలో చూపించేవారు. విదేశాలలో ఆయన తరఫున వస్తువులను కొని పంపే ప్రతినిధులు ఉండేవారు. ఆయన స్వయంగా ఐరోపా, పశ్చిమాసియా దేశాలలో పర్యటించి నచ్చినవాటిని కొని తెచ్చాడు. వ్రాతప్రతులు, చిత్రపటాలు, ఆయుధాలు, తివాచీలు, గడియారాలు, దంతపు వస్తువులు, గాజు సామగ్రి, పింగాణీ, లోహపు పాత్రలు ఒక్కటొక్కటిగా దేవిడీ గదులను నింపివేశాయి.

సేకరణ అంటే ధనవంతుని కాలక్షేపమని కొందరు భావిస్తారు. డబ్బు ఉన్నవాడు వస్తువును కొనగలడు. కాని దానిని గుర్తించగలవాడే సేకర్త కాగలడు. ఈ గుర్తింపు ఎంత సూక్ష్మమైన విద్యో తెలియడానికి మరల వెండి పాత్రనే ఉదాహరణగా తీసుకొందాం. ఐరోపాలోని ఐర్లాండ్ దేశపు పాత వెండి భోజనపాత్రలను ప్రపంచమంతటా సేకర్తలు ఆదరిస్తారు. అందుకు కారణం ఆ పాత్రల అందమే కాదు, వాటి అడుగున ఉండే చిన్న చిన్న ముద్రలు కూడా.

శుద్ధమైన వెండి మెత్తనిది. పళ్ళెంగానో, చెంచాగానో దుడుకుగా వాడుకోవడానికి నిలువదు. అందువల్ల నూరు పాళ్ళలో ఏడున్నర పాళ్ళు రాగి కలుపుతారు. తక్కిన తొంబైరెండున్నర పాళ్ళు వెండి ఉంటేనే అది ప్రమాణమైన వెండి. కాని కొనేవానికి ఆ పాళ్ళు కంటికి కనబడవు గదా! ఆ మోసాన్ని అరికట్టడానికి పుట్టినదే హాల్‌మార్కు ముద్ర. ఐర్లాండ్ రాజధాని డబ్లిన్ నగరంలోని స్వర్ణకారుల సంఘానికి 1637లో రాజశాసనం లభించింది. నాటి నుండి ఆ సంఘం వెండిని పరీక్షించి, ప్రమాణానికి తగినదైతే కిరీటం ధరించిన వీణ వంటి వాద్యం బొమ్మను దానిపై ముద్రించసాగింది. ఏ సంవత్సరంలో పరీక్షించారో తెలిపే అక్షరం ఒకటి, పనివాని పేరు పొడి అక్షరాలు మరొకటి దానికి తోడయ్యాయి. 1730 నుండి పన్ను చెల్లించినట్లు తెలుపుతూ, ఐర్లాండ్ దేశమాత కూర్చొని ఉన్న బొమ్మ కూడా చేరింది. దూరాన ఉన్న కార్క్ పట్టణపు పనివారు డబ్లిన్‌కు సరుకు పంపడం కష్టమని, స్టెర్లింగ్ అనే మాటను తామే ముద్రించేవారు. తెలిసినవాడు పాత్రను తిరగవేసి ఆ ముద్రలను చూస్తే చాలు. అది ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చేసినదో ఒక శాసనాన్ని చదివినట్లు చదివి చెప్పగలడు.

పాత్ర ఆకారం కూడా ఒక జాతి జీవనాన్ని చెబుతుంది. పద్దెనిమిదవ శతాబ్దంలో ఐర్లాండ్ కంసాలులు వెండితో గుండ్రని కుదుళ్ళను తయారుచేశారు. మన వంటింట్లో కుండ దొరలకుండా కింద పెట్టే కుదురు వంటిదే అది. వేడి గిన్నె తగిలి నునుపైన భోజనపు బల్ల పాడుకాకుండా ఆ కుదురుపై గిన్నెను ఉంచేవారు. దాని చుట్టూ పక్షులను, పూలను, పశువులను, పల్లె దృశ్యాలను చిల్లుల పనితో తీర్చేవారు. గడ్డితో, తాటాకుతో మనవారు చేసుకొన్న వస్తువును మరొక దేశంవారు వెండితో చేసికొన్నారు. అవసరం ఒక్కటే, దానిని అలంకరించిన తీరు వేరు. ఇటువంటి సామ్యాలు కనబడినపుడే దూరదేశపు వస్తువు మనకు ఆత్మీయమవుతుంది.

ఇంత శ్రద్ధగా చేసిన వెండి వస్తువులు కూడా పూర్వకాలంలో అధికభాగం నశించాయి. బ్యాంకులు లేని కాలంలో వెండి పళ్ళెరం కూడబెట్టిన ధనమే. యుద్ధం వచ్చినా, కొత్త వాడుక పుట్టినా అది మూసలోకి వెళ్ళేది. ఫ్రాన్సు చక్రవర్తి పదునాలుగవ లూయీ యుద్ధవ్యయం కోసం 1689లో తన వెర్సాయ్ భవనంలోని వెండి సామగ్రినంతా కరిగించి నాణేలు చేయించాడు. రాజుల ఇంటనే ఈ గతి పట్టినపుడు సామాన్యుల ఇంటి మాట చెప్పనక్కరలేదు. నేడు మిగిలిన ప్రతి పాత వెండి పాత్రా ఎన్నో గండాలు గడచి బయటపడినదే. దానిని మూస నుండి కాపాడినవాడు సేకర్త.

సాలార్‌జంగ్‌కు ఈ దృష్టి ఉండేది. ఆయన సేకరణలో స్వదేశమని, విదేశమని భేదం కనబడదు. ఆయన సమకూర్చిన బిద్రీ సామగ్రి అందుకు చక్కని నిదర్శనం. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోతపోసిన పాత్రపై సన్నని గాడులు చెక్కి, వాటిలో వెండి తీగనో, రేకునో పొదుగుతారు. తరువాత బీదరు కోటలోని పాత మట్టిని ఒక క్షారంతో కలిపిన ద్రావణంతో రుద్దితే పాత్ర నల్లబడుతుంది. పొదిగిన వెండి మాత్రం తన తెలుపును కోల్పోదు. కాటుక వంటి నల్లదనంపై వెన్నెల పరచినట్లుండే ఈ పనితనంతో హుక్కా కుదుళ్ళు, తాంబూలపు పెట్టెలు, కూజాలు, పళ్ళెరాలు తయారయ్యేవి. బిద్రీ పాత్రను కరిగిస్తే చేతికి వచ్చే వెండి స్వల్పమే. దాని విలువ అంతా పనివాని వ్రేళ్ళలోనే ఉన్నది. అటువంటి పాత్రలను వెదకి కొనడం తూకాన్ని బట్టి వస్తువును లెక్కించని మనస్సుకు గుర్తు.

విందు బల్లకు సంబంధించిన ఇతర వస్తువులను కూడా ఆయన విశేషంగా సేకరించాడు. ఫ్రాన్సులోని సేవ్ర్, జర్మనీలోని డ్రెస్డెన్, ఇంగ్లండులోని వెడ్జ్‌వుడ్ పింగాణీ ఆయన సంపదలో చేరింది. చీనా దేశపు లేత ఆకుపచ్చని సెలడాన్ పళ్ళెరాలు కూడా అందులో ఉన్నాయి. విషం కలిసిన అన్నం వడ్డిస్తే ఆ పళ్ళెరం రంగు మారుతుందని, లేదా పగిలిపోతుందని పూర్వపు ప్రభువులు నమ్మేవారు. ఆ నమ్మకానికి శాస్త్రాధారం లేదు. అయినా ప్రతి ముద్దనూ అనుమానించి తినవలసి వచ్చిన రాజుల బ్రతుకును ఆ మౌనమైన పళ్ళెరం మనకు చెబుతుంది. చరిత్రగ్రంథాలు యుద్ధాలను వర్ణిస్తాయి. భోజనపాత్రలు భయాన్నీ, ఆతిథ్యాన్నీ, ఆడంబరాన్నీ దాచి ఉంచుతాయి.

అయితే ఆ మహాప్రభువు జీవితాన్ని ప్రశంసలతో మాత్రమే ముగించడం న్యాయం కాదు. ఇంత సంపద ఎక్కడి నుండి వచ్చింది? సాలార్‌జంగ్ వంశానిది విశాలమైన జాగీరు. జాగీరు ఆదాయమంటే పొలం దున్నిన రైతు చెల్లించిన శిస్తు. దేవిడీలో మెరిసే ప్రతి గాజుదీపం వెనుక ఎక్కడో ఒక పల్లెలో చెమటోడ్చిన కుటుంబం ఉన్నది. ఆయన జీవితపు చివరి సంవత్సరాలలోనే, 1946 నుండి, తెలంగాణ పల్లెలు భూమి కోసం సాయుధంగా పోరాడసాగాయి. ఆయన మరణించిన కొద్ది నెలలకే, 1949 ఆగస్టులో, హైదరాబాదు సంస్థానంలో జాగీర్దారీ విధానం చట్టరీత్యా రద్దయింది. ఆ వ్యవస్థ పోవడం న్యాయమే. కాని ఆ వ్యవస్థ మూలంగా ఒకచోట చేరిన కళాసంపద మాటేమిటి? దానిని తిరిగి ఆ రైతుల సంతతికి చేర్చే మార్గం ఏది? ఆ ప్రశ్నకు సమాధానం ఆయన మరణానంతర చరిత్రలో లభిస్తుంది.

1948 సెప్టెంబరులో భారత సైన్యాల పోలీసు చర్యతో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమయింది. తరతరాల పాలన ముగిసిన ఆరు మాసాలకు, 1949 మార్చి 2వ తేదీన, మీర్ యూసుఫ్ అలీ ఖాన్ అరువదవ యేట కన్నుమూశాడు. ఆయనకు భార్య లేదు, సంతానం లేదు. ఆస్తి ఎవరికి చెందాలో తెలిపే వీలునామా కూడా లేదు. వేలాది వస్తువులు దేవిడీలోను, ఆయన ఇతర భవనాలలోను చెల్లాచెదరుగా పడి ఉన్నాయి.

అది ఎంతటి సంకటస్థితియో ఊహించవచ్చు. ప్రపంచంలో ఎందరో ధనవంతులు కూడబెట్టిన సేకరణలు వారు మరణించగానే వేలంపాటలలో ముక్కలయ్యాయి. ఒక చిత్రం ఒక దేశానికి, ఒక ఖడ్గం మరొక దేశానికి చేరాయి. వెండి బంగారు వస్తువులైతే వాటి వెల వాటికే శత్రువు. వారసులు పంచుకొన్నా, వర్తకులు కొన్నా, ముప్పైఐదేండ్ల శ్రమ కొన్ని నెలలలో కనుమరుగై ఉండేది. ఆ సమయంలో భారత ప్రభుత్వం సాలార్‌జంగ్ ఎస్టేటు నిర్వహణకు ఒక సంఘాన్ని నియమించింది. ఆ సంపదను ఒక ప్రదర్శనశాలగా రూపొందించాలన్న ఆలోచనకు నాటి హైదరాబాదు పాలనాధికారి ఎం.కె. వెల్లోడి ప్రోత్సాహమిచ్చాడు. చెదిరి ఉన్న వస్తువులను వర్గీకరించి అమర్చే బాధ్యతను డాక్టర్ జేమ్స్ కజిన్స్ అనే కళావిమర్శకునికి అప్పగించాడు.

ఈ కజిన్స్ ఐర్లాండ్ దేశీయుడు. 1873లో బెల్ఫాస్ట్ నగరంలో జన్మించిన కవి. అనీ బిసెంటు ఆహ్వానంపై 1915లో భారతదేశానికి వచ్చి, మన రాయలసీమలోని మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో అధ్యాపకుడుగా, ప్రిన్సిపాలుగా పనిచేశాడు. 1919లో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లెకు వచ్చినపుడు ఆతిథ్యమిచ్చినవారు కజిన్స్ దంపతులే. ఠాగూరు జనగణమన గీతాన్ని అక్కడే ఆంగ్లంలోకి అనువదించాడు. సంగీతజ్ఞురాలైన శ్రీమతి మార్గరెట్ కజిన్స్ దాని స్వరాలను లిపిబద్ధం చేయడంలో తోడ్పడింది. మైసూరులోను, తిరువనంతపురంలోను చిత్రశాలలను తీర్చిదిద్దిన అనుభవం జేమ్స్ కజిన్స్‌ది. తెలుగునేలను తన నివాసంగా చేసికొన్న ఆ ఐరిష్ కవి వృద్ధాప్యంలో, డెబ్బైయేండ్లు దాటిన వయస్సులో, హైదరాబాదు నవాబు విడిచిపోయిన వస్తురాశికి ఒక క్రమాన్ని సమకూర్చాడు. 1956లో మదనపల్లెలోనే కన్నుమూశాడు.

వస్తువులను అమర్చడం చిన్న పని కాదు. దేవిడీలో వస్తువులు ఒక మనిషి ఇష్టాన్ని అనుసరించి చేరాయి. ప్రదర్శనశాలలో అవి చూసేవారి అవగాహనను అనుసరించి నిలవాలి. ఏది ఏ కాలానిది, ఏ దేశానిది, దేని పక్కన దేనిని ఉంచితే సామ్యమో, భేదమో తెలుస్తుంది అని ఆలోచించాలి. గుట్టగా పడి ఉన్న పాత్రలు సామాను మాత్రమే. క్రమంగా అమర్చినపుడు అవే చరిత్ర అవుతాయి. 1951 డిసెంబరు 16వ తేదీన నాటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలో సాలార్‌జంగ్ ప్రదర్శనశాలను ప్రారంభించాడు. ఒక ప్రభువుకు, ఆయన అతిథులకు మాత్రమే తెరచుకొన్న తలుపులు సామాన్య ప్రజలకు తెరచుకొన్నాయి.

ఆ తరువాత కూడా యాజమాన్య సమస్య కొంతకాలం నిలిచింది. వంశీయులకూ ప్రభుత్వానికీ మధ్య 1958లో రాజీ ఒప్పందం కుదిరి ఆ సంపద జాతిపరమయింది. 1961లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి సాలార్‌జంగ్ మ్యూజియాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. దాని నిర్వహణకు గవర్నరు అధ్యక్షతన ఒక ధర్మకర్తల మండలి ఏర్పడింది. 1968లో మూసీ నది దక్షిణపు ఒడ్డున నిర్మించిన నూతన భవనంలోకి మ్యూజియం తరలింది. కాలక్రమంలో ఆ భవనానికి ఇరుపక్కలా ప్రాచ్య, పాశ్చాత్య కళాఖండాల కోసం ప్రత్యేక విభాగాలు వెలిశాయి. నేడు అక్కడ 40,000కు పైగా కళావస్తువులు, వేలాది వ్రాతప్రతులు, ఒక పెద్ద గ్రంథాలయం ఉన్నాయి. చిత్రమేమంటే, వాటిని కన్నబిడ్డల వలె దాచిన దివాన్ దేవిడీ ప్రాసాదం మాత్రం నేడు లేదు. ఇల్లు పోయినా ఇంటిలోని వస్తువులు నిలిచాయి.

ఆ మ్యూజియానికి వెళ్ళిన విద్యార్థులు సాధారణంగా రెండు మూడు చోట్ల గుమిగూడుతారు. కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ సంస్థ అమర్చిన సంగీత గడియారం ఎదుట ప్రతి గంటకూ జనం కిక్కిరిసి ఉంటారు. లోపలి నుండి ఒక చిన్న బొమ్మ బయటకు వచ్చి గంట కొట్టి వెళ్ళడం చూసి ఆనందిస్తారు. ఒకవైపు దురహంకారియైన మెఫిస్టోఫెలీజ్, మరొకవైపు తలవంచుకొన్న మార్గరెట్టా కనబడే జంట కొయ్యప్రతిమను అద్దంలో చూసి ఆశ్చర్యపడతారు. రెబెకా ముసుగును చూసి నివ్వెరపోతారు. అవి చూడదగినవే. కాని వాటితోపాటు జనం అంతగా నిలువని గదులలో ఉన్న పళ్ళెరాలను, గిన్నెలను, కూజాలను, తాంబూలపు పెట్టెలను కూడా నిదానంగా చూడాలి. గొప్ప శిల్పం ఒక కళాకారుని ప్రతిభను చూపుతుంది. ఒక భోజనపాత్ర దానిని చేసిన పనివానిని, కొన్న యజమానిని, కడిగిన సేవకురాలిని, అందులో తిన్న అతిథిని అందరినీ ఒకేసారి జ్ఞాపకం చేస్తుంది.

మూడవ సాలార్‌జంగ్ రాజ్యాలను జయించలేదు. ప్రధానమంత్రిగా ఆయన పాలించినది రెండేండ్లు మాత్రమే. తాత చేసిన సంస్కరణల వంటివి ఆయన పేరిట లేవు. గ్రంథాలు రచించి పేరు పొందలేదు. వీలునామా వ్రాయకపోవడం వలన తన సేకరణను తన చేతులతో ప్రజలకు అర్పించిన యశస్సు కూడా ఆయనకు పూర్తిగా దక్కదు. దానిని ప్రజల సొత్తుగా మార్చినవారు కొత్త ప్రభుత్వపు అధికారులు, ఒక ఐరిష్ కవి, రాజీకి అంగీకరించిన వంశీయులు. అయినా వారందరికీ ముందు ఆ వస్తువులను ఒక్కచోట చేర్చి, విరగకుండా, కరగకుండా, అమ్ముడుపోకుండా కాపాడినవాడు ఆయనే. ఆయన కాపాడి ఉండకపోతే పంచిపెట్టడానికి ఏమీ మిగిలేది కాదు.

సేకరణలో రెండు దశలు ఉన్నాయని ఈ చరిత్ర మనకు బోధిస్తుంది. వస్తువు విలువను గుర్తించి దానిని నాశనం నుండి తప్పించడం మొదటిది. ఆ వస్తువును తన గది నుండి అందరి కన్నుల ముందుకు తేవడం రెండవది. మొదటిది లేకుండా రెండవది లేదు; రెండవది జరగకపోతే మొదటిది లోభమే అవుతుంది. రైతుల శిస్తుతో కొన్న పళ్ళెరాలను నేడు ఆ రైతుల మనుమలు టిక్కెట్టు కొనుక్కొని తలయెత్తి చూస్తున్నారు. చరిత్ర చేసిన ఈ పంపకం సంపూర్ణమైన న్యాయం కాకపోవచ్చు. కాని మూసలో కరిగించి తులాల లెక్కన పంచుకోవడం కంటె ఎన్నో రెట్లు మేలైనది.

కళావస్తువుల సంరక్షణ నవాబులకే తగిన పని అని భావించరాదు. పాత తాళపత్రాలు, శిథిలాలయాల శిల్పాలు, ఊరి కంసాలి, వడ్రంగి, కుమ్మరి చేసిన పనిముట్లు ప్రతి గ్రామంలోనూ ఉన్నాయి. వాటిని కొనడానికి జాగీరు అక్కరలేదు. అవి ఏమిటో, ఎవరు చేశారో, ఎందుకు వాడారో అడిగి తెలిసికొని వ్రాసి పెట్టుకోగల ఓర్పు చాలును. తక్కెడ చెప్పలేని విలువను చూడగల చూపు యువతరానికి అలవడితే, మూడవ సాలార్‌జంగ్ జీవితం నుండి గ్రహించవలసిన పాఠం గ్రహించినట్లే.